సమస్య: బొమ్మ ముగియునపుడె బొమ్మ మాయు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. జార్జ్ పెరెక్ 1978లో ఫ్రెంచిలో వెలువరించిన నవలకు అన్వయిస్తూ పూరించాలి. ‘జీవితం, వాడే విధానం’ అని దాని పేరుకు అర్థం. డేవిడ్ బెల్లోస్ ఇంగ్లీషు అనువాదం ఉంది, నేను చదివింది అదే.

పారిస్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంటు. ముందు గోడ తీసేస్తే గదులన్నీ ఒక్కసారే కనపడతాయి కదా, నవలంతా ఆ చూపే. 1975 జూన్ 23, రాత్రి ఎనిమిది కావస్తోంది. ఆ ఒక్క క్షణంలో గదికో కథ, ఆ కథ కడుపులో ఇంకో కథ. ఇంటిని అడ్డం పది, నిలువు పది గళ్ళుగా గీసుకుని, చదరంగంలో గుర్రం నడిచినట్టు గది నుంచి గదికి వెళ్తాడు రచయిత. అధ్యాయాలు 99. తొమ్మిదో శతాబ్దంలోనే సంస్కృత ఆలంకారికుడు రుద్రటుడు ‘కావ్యాలంకారం’లో ఈ గుర్రం నడకతో శ్లోకం అల్లి చూపించాడు. అక్షరాలను గళ్ళలో, బొమ్మల్లో అమర్చే బంధకవిత్వం రుచి తెలిసిన మనకు పెరెక్ పరాయివాడు అనిపించడు.

నేను మొదటిసారి వంద పేజీల దగ్గర ఆపేశాను, ఎవరు ఏ అంతస్తులో ఉంటారో గుర్తుండక. రెండోసారి పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో గళ్ళు గీసి, ఒక్కో అధ్యాయం అయ్యాక ఆ గడిలో పేరు రాసుకుంటూ పోయాను. అప్పుడు పట్టు దొరికింది.

సమస్యకు మూలం బార్టిల్‌బూత్ అనే ఇంగ్లీషు ధనికుడు. పదేళ్ళు నీటిరంగులు నేర్చుకుంటాడు. ఇరవై ఏళ్ళు దేశాలు తిరిగి 500 రేవుల బొమ్మలు వేస్తాడు. ఒక్కోదాన్నీ వింక్లర్ అనే పనివాడు చెక్కకు అంటించి 750 ముక్కలు కోస్తాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ ముక్కల్ని కూర్చడం, కూర్చిన బొమ్మను చెక్క నుంచి విడదీసి, వేసిన రేవుకే పంపి, రంగు పోగొట్టి తెల్లకాగితం చేయించడం. ఇదీ అతని పథకం.

గుంటూరు సభ్యురాలు:
ఐదు వందలైన యబ్ధితీరములను
గీసి, ముక్కలుగను కోసి, కూర్చి
తీరమునకె తెచ్చి తిరిగి కడుగునంట
బొమ్మ ముగియునపుడె బొమ్మ మాయు

నిర్వాహకుడు:
అమ్మా, ధార బాగుంది. గీసి, కోసి అని ప్రాసయతి (రెండో అక్షరాలు కలిసే యతి) హాయిగా కుదిరింది. ‘ముక్కలుగను’లో చివరి ‘ను’ పాదం నింపడానికే వచ్చింది. కానీ నాకు అసలు పట్టింపు ఛందస్సు దగ్గర కాదు. మీ పద్యంలో గీసినవాడూ కోసినవాడూ ఒకడే. నవలలో కోసింది వింక్లర్. చివరికి అన్నీ చెరిపేస్తారని తెలిసీ ఆ పనివాడు ఏళ్ళ తరబడి తన నేర్పంతా పెట్టాడు. ఆ కసి ముక్కముక్క అంచులోనూ దాచాడు. అతను లేకపోతే ఇది ఒక డబ్బున్నవాడి కాలక్షేపంగా మిగిలిపోతుంది.

డల్లాస్ సభ్యుడు:
ఇంటి గోడ తీసి యిందరిన్ జూపించు
పుటలు వందలైన ముగియు వేళ
బొగ్గు గీత దక్క బోసిగుడ్డ మిగిలె
బొమ్మ ముగియునపుడె బొమ్మ మాయు

గుంటూరు సభ్యురాలు:
రెండో పాదంలో పుటలు, ముగియు: యతి చెల్లుతుందాండీ?

నిర్వాహకుడు:
చెల్లుతుందమ్మా. పు, ఫు, బు, భులకు ‘ము’తో మైత్రి ఉంది. ఈ పూరణ నాకు చాలా నచ్చింది. అదే ఇంట్లో ఉండే ముసలి చిత్రకారుడు వాలెన్, ఇల్లంతా ఒకే బొమ్మగా వెయ్యాలనుకుంటాడు. చివరికి అతను పోయాక చూస్తే కాన్వాసు మీద బొగ్గుతో గీసిన గళ్ళే ఉంటాయి. ఒక్క సందేహం. వాలెన్ బొమ్మ ముగియనే లేదు కదా, సమస్యలో ‘ముగియునపుడె’ అని ఉందే?

డల్లాస్ సభ్యుడు:
గురువుగారూ, నేను పుస్తకాన్నే బొమ్మ అనుకున్నాను. 51వ అధ్యాయంలో వాలెన్ తన బొమ్మలో ఎవరెవరు ఉండాలో వరసపెట్టి తలుచుకుంటాడు. వాళ్ళందరి కథలే కదా మనం చదివేది. ఆఖరి పేజీ తిప్పాక ఆ ఖాళీ గళ్ళు చూసి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

నిర్వాహకుడు:
అలాగైతే సమర్థనీయమే.

విశాఖ సభ్యుడు:
ఎక్సు ఖాళి చూపి యెదురుచూచుచునుండ
డబ్ల్యు చేతనుండ డస్సి పోయె
నాయువనెడి పటము నంతమొందిన దట్లె
బొమ్మ ముగియునపుడె బొమ్మ మాయు

నిర్వాహకుడు:
439వ బొమ్మ ముందు బార్టిల్‌బూత్ మరణం! మిగిలిన ఖాళీ ఎక్స్ ఆకారంలో, చేతిలోని ముక్క డబ్ల్యు ఆకారంలో. రెండు పాదాల్లో పట్టేశారు. ‘డబ్ల్యు’కు ‘డస్సి’తో యతి వేయడం మంచి సాహసం. మూడో పాదంలో మాత్రం దోషం ఉంది. ‘పటము’ తర్వాత ‘అంతము’ వస్తే ఉత్వసంధి నిత్యం, ‘పటమంతము’ అవుతుంది, అక్కడ నకారం రాదు. ‘నాయువనెడి బొమ్మ యంతమొందిన దట్లె’ అంటే సరిపోతుంది, సమస్యలోని బొమ్మకూ ముడి పడుతుంది.

విశాఖ సభ్యుడు:
ధన్యవాదాలండీ, సవరించుకుంటాను.

గుంటూరు సభ్యురాలు:
రాత్రంతా వింక్లరే బుర్రలో తిరిగాడు. రెండో పాదం మార్చాను, ‘ను’ కూడా పోయింది, చూడండి.

ఐదు వందలైన యబ్ధితీరములను
గీయ, వేరొకండు కోయ, కూర్చి
తీరమునకె తెచ్చి తిరిగి కడుగునంట
బొమ్మ ముగియునపుడె బొమ్మ మాయు

నిర్వాహకుడు:
గీయ, కోయ! ప్రాసయతి చెక్కుచెదరలేదు, కోసే చెయ్యి వేరైంది. అభినందనలమ్మా.