హైస్కూల్ కబుర్లు వాట్సాప్‌లో పెడుతున్నాం, పిల్లల వివరాలు బయటికి పోకుండా ఏం చేయాలి?

బడిగంట (ప్రశ్న)

జెడ్పీ హైస్కూల్. 6 నుంచి 10 దాకా 340 మంది పిల్లలు. సెలవులు, మెగా పీటీఎం ఫొటోలు, కబడ్డీ ఫలితాలు, పదో తరగతి మార్కులు అన్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో పోతున్నాయి. అందులో తల్లిదండ్రులు, టీచర్లు, పూర్వ విద్యార్థులు, ఊరి పెద్దలు కలిసి 700 పైనే ఉన్నారు. ఇది కాక ఒక పూర్వ విద్యార్థి తెరిచిన ఫేస్‌బుక్ పేజీ ఉంది.

అడగాలనుకున్నవి మూడు. ఈ గ్రూపును ఉంచాలా, మార్చాలా? ఫలితాలు, ఫొటోలు ఎంతవరకు పెట్టొచ్చు? ఎవరైనా ఒక అమ్మాయి ఫొటోను మార్ఫింగ్ చేసి బెదిరిస్తే మొదటి గంటలో బడి ఏం చేయాలి? స్టేషన్ అనగానే తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతున్నారు. దయచేసి అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి.

ల్యాబ్ ఇన్‌ఛార్జి

ముందు గ్రూపు సంగతి చూద్దాం సార్. 700 మంది ఉన్న గ్రూపులో ప్రతి తల్లి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. ఫలానా పాప, 9వ తరగతి, వాళ్లమ్మ నంబరు ఇది అని తెలిసినవాడు "తల్లికి వందనం డబ్బులు ఆగాయి, ఓటీపీ చెప్పండి" అంటే ఎవరైనా నమ్ముతారు. మోసగాడికి కావలసింది ఆ ఒక్క నిజమైన వివరమే.

వాట్సాప్‌లో కమ్యూనిటీ తెరవండి. దాని ప్రకటనల గ్రూపులో అడ్మిన్లే రాయగలరు, సభ్యుల నంబర్లు అడ్మిన్లకు తప్ప ఒకరివి ఒకరికి కనిపించవు. దాని కింద తరగతికో గ్రూపు పెట్టుకోవచ్చు కానీ, అక్కడ నంబర్లు మామూలుగానే కనిపిస్తాయి. కాబట్టి ఆ తరగతి తల్లిదండ్రులు, క్లాస్ టీచరు తప్ప ఇంకెవరూ అందులో ఉండకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: పాత గ్రూపునే కమ్యూనిటీలో కలిపేస్తారు. అలా చేస్తే పాత 700 మందీ ప్రకటనల గ్రూపులోకి వచ్చేస్తారు. కొత్తగా మొదలుపెట్టండి. గ్రూపు సెట్టింగుల్లో కొత్త సభ్యులకు అడ్మిన్ ఆమోదం తప్పనిసరి చేయండి. పిల్లల పేరు, సెక్షన్ సరిచూసుకున్నాకే లోపలికి తీసుకోండి. అందరూ చేరాక ఆహ్వాన లింకును రీసెట్ చేయండి, లేదంటే అది ఏళ్ల తరబడి ఊరంతా తిరుగుతూనే ఉంటుంది.

ఊరందరికీ తెలియాల్సిన కబుర్లకు వేరే వాట్సాప్ ఛానెల్ పెట్టండి. ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి తెలియవు. కానీ ఛానెల్ బజారు గోడ లాంటిది, దారిన పోయేవాడెవడైనా చదువుతాడు. సెలవులు, పరీక్షల టైంటేబుల్, జట్టు గెలిచిన వార్త వరకే అందులో.

ఫలితాల్లో హాల్‌టికెట్ నంబర్లున్న జాబితా పెట్టొద్దు. ఆ నంబరుతో ఎవరైనా మార్కులు చూసేస్తారు. తర్వాత "రీవెరిఫికేషన్‌లో మార్కులు పెంచుతాం" అనే ఫోన్లు తప్పిన పిల్లల ఇళ్లకే వెళ్తాయి. "ఇంతమంది రాశారు, ఇంతమంది పాసయ్యారు, మొదటి మార్కు ఇంత" అంటే చాలు. ఎవరి మార్కులు వాళ్లకి విడిగా పంపండి.

ఫొటోల్లో పనికొచ్చే గీత ఒకటుంది: ముఖం స్పష్టంగా ఉంటే పేరు వద్దు, పేరు పెడితే ముఖం దగ్గరగా వద్దు. మార్ఫింగ్‌కు కావలసింది ఎదురుగా తీసిన స్పష్టమైన ముఖం. పాస్‌పోర్టు ఫొటో, పేరు, ఊరు పక్కపక్కనే ఉండే ర్యాంకుల పోస్టరు ఆ పని సులువు చేస్తుంది. మెడలో ఐడీ కార్డులుంటే ఫొటో తీసే ముందు చొక్కా లోపలికి వేయించండి, జూమ్ చేస్తే అక్షరాలు చదవొచ్చు. ఫొటోను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అందులోని లొకేషన్ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉండిపోతాయి. నంబరు కొట్టేయడానికి హైలైటర్ వాడొద్దు, వెలుతురు పెంచితే కింద అంకెలు కనిపిస్తాయి. నిండు రంగు పెట్టె గీసి, దాని స్క్రీన్‌షాట్ తీసి పంపండి. పీడీఎఫ్‌లో నల్ల పెట్టె పెట్టినా కింద అక్షరాలు కాపీ అవుతాయి.

గూగుల్ ఫారంలో "ఫలితాల సారాంశం చూడండి" అనే స్విచ్ ఆపి ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే ఫారం నింపిన ప్రతి ఒక్కరూ మిగతావాళ్లు రాసిన ఆధార్, బ్యాంకు నంబర్లు చదవగలరు. జవాబులు చేరే షీటు "లింకు ఉన్నవారెవరైనా" అని ఉంటే అదీ మార్చండి.

బడిగంట

ధన్యవాదాలు సార్. ర్యాంకుల ఫ్లెక్సీ లేకపోతే ఊళ్లో ఊరుకోరండి. ఆ పూర్వ విద్యార్థి పేజీ సంగతేంటి?

ల్యాబ్ ఇన్‌ఛార్జి

తల్లిదండ్రుల సంతకం తీసుకుని ఫ్లెక్సీ సెంటర్లో కట్టండి. దాన్ని ఫొటో తీసి పేజీలో పెట్టకండి, అంతే తేడా. అడ్మిషన్ ఫారంతోనే ఒక కాగితం ఇవ్వండి: బడి గోడ మీద ఫొటో, పేజీలో ఫొటో, పేరు, మూడింటికి విడివిడిగా సమ్మతి. తర్వాత వద్దంటే తీసేస్తామని రాతలో ఉండాలి.

పేజీకి పూర్తి అధికారం హెచ్‌ఎం గారితో పాటు పనిచేస్తున్న ఇంకో టీచరుకు ఉండాలి, ఇద్దరికీ రెండంచెల లాగిన్ ఉండాలి. ఒక్కరి ఖాతా మీదే నడిచే పేజీ ఆ ఖాతా హ్యాకైన రోజున మీది కాదు. బదిలీల తర్వాత జాబితా చూసి పాతవాళ్లను తీసేయండి. ఆ అబ్బాయి సహకరించకపోతే, బడి సొంతంగా ఒక పేజీ తెరిచి, అధికారిక పేజీ అదొక్కటే అని నోటీసు బోర్డు మీద రాయండి.

చట్టం చదివినవాడు

మూడో ప్రశ్నకు. మొదటి గంటలో నాలుగు పనులు చేయకూడదు: డబ్బు కట్టడం, ఖాతా తీసేయడం, ఆ ఫొటోను ఇంకొకరికి పంపడం, బెదిరించినవాడితో వాదన పెట్టుకోవడం. డబ్బు ఒకసారి కడితే ఇంకా ఇస్తారని వాడికి తెలిసిపోతుంది. భయంతో పాప తన ఖాతా డిలీట్ చేస్తే చాట్ కూడా పోతుంది, అంతగా ఉంటే డీయాక్టివేట్ చేయించండి.

సాక్ష్యానికి బెదిరింపు మాటల స్క్రీన్‌షాట్లు తేదీ, సమయం కనిపించేలా తీయండి. ప్రొఫైల్ లింకు కాపీ చేసి రాసుకోండి, యూజర్‌నేమ్ రేపటికి మారిపోవచ్చు. ఇన్‌స్టాలో అయితే ఆ ఖాతా "ఈ ఖాతా గురించి" పేజీ తెరుచుకుంటే చేరిన తేదీ, పేరు ఎన్నిసార్లు మార్చాడో ఉంటాయి, అదీ తీయండి. ఇవన్నీ అయ్యాకే రిపోర్టు, ఆ తర్వాత బ్లాక్. అసభ్య చిత్రాన్ని మాత్రం "సాక్ష్యం కోసం" మీ ఫోన్లోకి తెచ్చుకోకండి, స్టాఫ్ గ్రూపులో అసలు వేయకండి. 18 ఏళ్లలోపు పిల్లల అలాంటి చిత్రాలను పంపినా, దాచినా ఐటీ చట్టం సెక్షన్ 67బి, పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) సెక్షన్ 15 కింద నేరమే. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. పాప ఫోన్‌ను ఉన్నదున్నట్టు పోలీసులకు చూపించాలి.

ఫిర్యాదు జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్లో, మహిళలు, పిల్లల విభాగంలో చేయాలి. అక్కడ పేరు చెప్పకుండా చేసే వీలుంది. అలా చేస్తే కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోలేరు, కాబట్టి బెదిరింపు నడుస్తుంటే పేరుతోనే చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ లావాదేవీకి 12 అంకెల నంబరుంటుంది, అది చేతిలో పెట్టుకుని మాట్లాడండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. పాప బాగా బెదిరిపోయి ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

స్టేషన్ భయం గురించి. పోక్సో 24 ప్రకారం పాప వాంగ్మూలం ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా. రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. ఈ ముక్క ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి, సగం జంకు పోతుంది.

ఇంకోటి, ఇది హెచ్‌ఎం గారికి. "మనలో మనం సర్దుకుందాం, బడి పరువు" అనే దారి చట్టంలో లేదు. పోక్సో పరిధిలోకి వచ్చే నేరం తెలిసి చెప్పకపోతే పెద్దవాళ్లెవరికైనా ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చేసినవాడు తన కింద పనిచేసేవాడైతే సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా జైలు, జరిమానా. చేసినవాడు అదే బడి పిల్లాడైనా ఇద్దరి పేర్లూ ఎక్కడా రాకూడదు.

చిత్రం ఇంకా పాకకుండా టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది, 18 లోపువాళ్ల కోసం. పేరు అడగదు, చిత్రం ఫోన్ దాటి పోదు, దాని వేలిముద్ర లాంటి కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టా, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివి ఆ కోడ్‌తో పోల్చి తీసేస్తాయి. చిత్రాన్ని కత్తిరించి మార్చితే కోడ్ కలవదు, వాట్సాప్ చాట్లలో తిరిగేదాన్ని ఇది ఆపలేదు. కాబట్టి ఫిర్యాదుకు ఇది బదులు కాదు.

పెరటి జామ

ఇంత తతంగం ఎందుకండి, పదో తరగతి అయ్యేదాకా ఫోన్ లాక్కుంటే సరిపోదూ?

ల్యాబ్ ఇన్‌ఛార్జి

లాక్కుంటే స్నేహితుడి ఫోన్లో రెండో ఖాతా తెరుస్తారు, అది మీకు తెలియదు. పైగా "చెబితే ఫోన్ పోతుంది" అన్న భయంతోనే పిల్లలు బెదిరింపుల్ని దాచేస్తారు.

దానికన్నా ఇన్‌స్టాలో పుట్టిన తేదీ సరిచూడండి: అకౌంట్స్ సెంటర్, వ్యక్తిగత వివరాలు, పుట్టిన తేదీ. టీన్ అకౌంట్ రక్షణలు, అంటే ప్రైవేటు ఖాతా, తెలియనివాళ్ల మెసేజీలకు అడ్డు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు ఆగడం, ఇవన్నీ ఆ తేదీ మీదే నడుస్తాయి. చాలామంది పిల్లలు 2000 అనో 2001 అనో వేసి ఉంటారు, అప్పుడు ఇవేవీ పనిచేయవు. 16 లోపువాళ్లు వీటిని సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. 13 నిండని పిల్లలు అసలు తేదీ వేస్తే ఖాతా మూతపడుతుంది, అది ముందే చెప్పి చేయండి. పర్యవేక్షణ ఆన్ చేస్తే గత 7 రోజుల్లో ఎవరితో మాట్లాడారో కనిపిస్తుంది, ఏం మాట్లాడారో కనిపించదు. ఈ వయసుకి అంతే సరి అని నా అభిప్రాయం.

వాట్సాప్‌లో ప్రైవసీ, గ్రూపులు, "నా కాంటాక్టులు" అని మార్చండి, ఎవడు పడితే వాడు గ్రూపుల్లో చేర్చడం ఆగుతుంది. రెండంచెల వెరిఫికేషన్‌కు 6 అంకెల పిన్ పెట్టండి, పుట్టిన తేదీ కాకుండా.

డైమండ్ వద్దు

ఒకటి మర్చిపోయారు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడే పిల్లలు "ఉచిత డైమండ్లు" లింకులో ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ కొడతారు. ముందు గేమ్ ఐడీ పోతుంది, తర్వాత అదే ఫేస్‌బుక్ నుంచి బంధువులకు "అర్జంటుగా 3,000 పంపు" అని వెళ్తుంది. అలాగే బడి గ్రూపులో ఫలితాలనో, పెళ్లి కార్డనో ఏపీకే ఫైలు (తెరిస్తే ఫోన్లో యాప్ ఎక్కించేది) వస్తే ఎవరూ తెరవొద్దని గ్రూపు వివరణలోనే రాసి పెట్టండి. ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్ అనుమతి ఇస్తే ఓటీపీలు అటు పోతాయి. తెరిచేసి ఉంటే ముందు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా ఆపించండి. యాప్ తీసేసే పని ఆ తర్వాత.

బడిగంట

కమ్యూనిటీ తెరిచాను. 6, 7 తరగతుల గ్రూపులు అయ్యాయి. పాత గ్రూపును అలా వదిలేయాలా, మూసేయాలా?

ల్యాబ్ ఇన్‌ఛార్జి

అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి, కొత్త లింకు ఎక్కడ దొరుకుతుందో ఒక్క మెసేజీ పెట్టండి. కొత్త లింకును మాత్రం అందులో వేయకండి, క్లాస్ టీచర్ల ద్వారా ఇవ్వండి. రెండు వారాలాగి సభ్యులందరినీ తీసేసి మూసేయండి.