అప్‌డేట్: అమ్మతో హోషి ఆన్సెన్‌కి వెళ్లొచ్చాం

జపాన్‌లో పాతకాలపు వేడినీటి బుగ్గ హోటల్లో ఓ రాత్రి ఉండాలనుంది, బట్టల్లేకుండా దిగాలంటే అమ్మ ఒప్పుకుంటుందా, శాకాహారం సంగతేంటి అని అడిగాను కదా. గున్మా కొండల్లోని హోషి ఆన్సెన్ (ఆన్సెన్ అంటే వేడినీటి బుగ్గ) దగ్గరి చోజుకాన్ అనే హోటల్‌కి వెళ్లొచ్చాం.

స్నానాల గది 1895 నాటిది, అంతా చెక్కే. తొట్టి అడుగున పరిచిన గులకరాళ్ల సందుల్లోంచి వేడినీళ్లు బుడబుడమంటూ ఊరుతుంటాయి. కూర్చున్నచోటే కాళ్ల కింద బుడగలు! ఆడామగా కలిసి దిగేదే గానీ, రాత్రి 8 నుంచి 10 దాకా ఆడవాళ్లకే. "పుష్కరాల్లో మునగలేదా ఏంటి" అంటూ అమ్మ నాకంటే ముందే దిగింది.

తిండి దగ్గర తప్పు నాదే. మాంసం వద్దని మాత్రమే రాశాను. సూపులో ఎండుచేపతో కాచిన రసం, అదే దాషీ, ఉంటుందని తట్టలేదు. అమ్మ తెల్లన్నంలో మా కందిపొడి కలుపుకుని కానిచ్చేసింది.