పునీత్ పోయిన రోజు షాపు మూయించడం నివాళేనా?

మడివాళ కర్రీ పాయింట్:
అక్టోబర్ 29 దగ్గర పడుతుంటే మా వీధిలో మళ్లీ ఫ్లెక్సీలు లేస్తున్నాయి. 2021లో అదే రోజు, శుక్రవారం, కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయారు. 46 ఏళ్లు. బెంగళూరులో ఆయన్ని అందరూ ముద్దుగా "అప్పు" అని పిలిచేవారు. వార్త వినగానే నేనూ గరిటె పక్కన పెట్టి ఏడ్చాను. కానీ సాయంత్రానికి కూరలన్నీ సిద్ధంగా ఉన్నాయి, పీజీ పిల్లలు వచ్చే వేళయింది. ఐదారుగురు కుర్రాళ్లు వచ్చి "ఇవత్తు బేడ అక్కా", ఈరోజు వద్దక్కా అన్నారు. అరవలేదు, చెయ్యెత్తలేదు. షట్టర్ కిందకి దిగేదాకా మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. తర్వాత వెనక తలుపులోంచి కవర్లు అందించాను, దొంగసొమ్ము అమ్ముకుంటున్నట్టు. మిగిలినవి పారబోశాను. నేనూ ఏడ్చినదాన్నే. నాచేత కూడా ఇలా మూయించడం నివాళి అవుతుందా?

పీణ్యలో ముప్పై ఏళ్లు:
అమ్మా, మీ బాధలో న్యాయముంది. కానీ ఆ కుర్రాళ్ల సంగతి మాట్లాడే ముందు 2006 ఏప్రిల్ 12 గుర్తు చేసుకోవాలి. ఆ రోజు పునీత్ నాన్న, కన్నడ హీరో రాజ్‌కుమార్‌గారు పోయారు. నేను షిఫ్టు దిగేసరికి బస్సుల్లేవు. తుమకూరు రోడ్డు పక్కన నడుచుకుంటూ ఇల్లు చేరాను. టైర్లు కాలిన వాసన ఇప్పటికీ ముక్కులో ఉన్నట్టుంటుంది. ఆ గొడవల్లో ఎనిమిది మంది పోయారు, ఒక పోలీసుతో సహా. నాకు తోచిన కారణం ఒకటే. ఆఖరి చూపు కోసం వచ్చినవాళ్లలో చాలామందికి ఆ చూపు దక్కలేదు. ఎక్కడ ఉంచుతారో, ఎప్పుడు చూడనిస్తారో మాకు తేల్చి చెప్పినవాళ్లు లేరు. మన ఊళ్లలో కూడా చావింటికి వెళ్లినవాళ్లు మొహం చూడకుండా వెనక్కి వస్తారా?

పునీత్ అప్పుడు అలా కాలేదు. కంఠీరవ స్టేడియంలో ఉంచారు. అమెరికా నుంచి కూతురు రావాలి, జనం ఇంకా వస్తూనే ఉన్నారు, అందుకని శనివారం అనుకున్న అంత్యక్రియల్ని ఆదివారం పొద్దుటికి మార్చారు. నగరంలో మద్యం అమ్మకాలు ఆపేశారు. నేనూ మా అమ్మాయీ క్యూలో నిలబడ్డాం. లక్షల మంది వచ్చారు. మా ముందు ఒక ముసలావిడ సొమ్మసిల్లితే నీళ్ల బాటిల్ చేతులు మారుతూ ఆవిడ దాకా వచ్చింది. దాన్ని నేను అతి అనలేను. మీ షట్టర్ దింపించింది ఆ కుర్రాళ్లు కాదమ్మా, 2006 తాలూకు భయం.

వైట్‌ఫీల్డ్ నుంచి:
అంకుల్, నా అభ్యంతరమూ అదే. రాళ్లు పడతాయని దించిన షట్టర్‌లో గౌరవం ఎక్కడుంది? మూయాల్సిందే అయితే ప్రభుత్వం ప్రకటించాలి, ఎన్ని గంటల దాకానో చెప్పాలి. వీధిలో నలుగురు తేల్చే సంగతి కాదది. 2020 సెప్టెంబర్ 25న చెన్నైలో బాలుగారు పోయినప్పుడు కోవిడ్ రోజులు, అంత్యక్రియలు జరిగిన తామరైపాక్కం వెళ్లలేకపోయాం. మా నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు, పాత క్యాసెట్లు ముందేసుకుని కూర్చున్నారు. ఎవరి దారికీ అడ్డు పడలేదు. ఆ దుఃఖం తక్కువదా?

పీణ్యలో ముప్పై ఏళ్లు:
తక్కువదని ఎవరంటారు బాబూ. కానీ చూడలేకపోయానన్న వెలితి ఉందో లేదో నాన్నగారిని ఒకసారి అడుగు. నాకైతే ఉంది.

జయనగర్ నర్సు:
నాకు గుర్తున్నది వేరు. పునీత్ పోయిన తర్వాత ఈసీజీ కోసం జనం బారులు తీరారు. జిమ్‌కి వెళ్లే ముప్పై ఏళ్ల కుర్రాళ్లు కూడా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని వచ్చారు. నాన్న రాజ్‌కుమార్‌గారిలాగే పునీత్ కళ్లనీ దానం చేశారు. నారాయణ నేత్రాలయ డాక్టర్లు కార్నియాలని పొరలుగా విడదీసి నలుగురికి అమర్చారు. ఆ తర్వాత నేత్రదానం ఫారం ఎక్కడిస్తారని మమ్మల్ని అడిగినవాళ్లకి లెక్కలేదు. అందరూ తలుపులేసుకుని ఏడిస్తే ఇదంతా జరిగేది కాదు.

అతి కూడా చూశాం. కొందరు అభిమానులు ప్రాణాలు తీసుకున్నారు. వద్దని, మీ ఇంట్లోవాళ్లని చూసుకోమని ఆ కుటుంబమే బతిమాలుకోవాల్సి వచ్చింది. భర్తని, తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఇంటిని మనం ఓదార్చాలి. వాళ్లు మనల్ని ఓదార్చే పరిస్థితి తెచ్చామే, అక్కడే హద్దు దాటాం. షట్టర్ సంగతి నాకు దాని తర్వాతే.

మడివాళ కర్రీ పాయింట్:
పీణ్య బాబాయ్‌గారూ, 2006లో నేను అనంతపురంలో స్కూల్లో ఉన్నాను. ఆ భయం నాకు తెలీదు. ఆ రోజు మా షాపు ఓనరు కుర్రాళ్ల కంటే ముందే ఫోన్ చేసి "మూసెయ్యమ్మా" అన్నాడు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. అయినా నేను వైట్‌ఫీల్డ్ తమ్ముడి పక్షమే. మూయమని అడగొచ్చు, వద్దనే వీలు మాకుండాలి.

నిన్న ఆ కుర్రాళ్లే చందాకి వచ్చారు. ఫ్లెక్సీకి ఇవ్వను, అన్నదానానికైతే ఇరవై కేజీల బియ్యానికి పులిహోర నేనే కలిపిస్తాను, షాపు మాత్రం తెరిచే ఉంటుందని చెప్పాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు కాసేపాగి "సరి అక్కా" అన్నాడు. చింతపండుకి చెప్పేశాను. 29న ఏమైందో వచ్చి రాస్తాను.