ఈ నెల పుస్తకం: పీటర్ హెస్లర్ 'రివర్ టౌన్', చదివినవాళ్ళు రండి

మేడమీదగది:
1996లో పీస్ కోర్ అనే అమెరికా వాలంటీర్ల సంస్థ తరఫున చైనాలో యాంగ్జీ నది ఒడ్డున ఉన్న ఫూలింగ్ వెళ్ళి రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పిన కుర్రాడి సొంత కథ. షేక్‌స్పియర్ పాఠాలు ఎలా అనిపించాయి? రెండో ఏడాది భాగం నచ్చిందా?

కర్నూలు టీచరమ్మ:
22 ఏళ్ళు జడ్పీ స్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. విద్యార్థులకు ఇంగ్లీషు పేర్లు అన్నచోటే పుస్తకం మూసేశా. కన్నవాళ్ళు పెట్టిన పేరుండగా ఇంకోటి ఎందుకు?

చెంగ్డూ డాక్టర్:
మేడమ్, చాలామంది వాళ్ళంతట వాళ్ళే పెట్టుకున్నారు. హెస్లర్ కూడా అక్కడ చైనీస్ పేరుతో హో వెయ్ అయ్యాడు కదా. ఆరేళ్ళు చైనాలో ఎంబీబీఎస్ చదివాను, చైనీస్ భాషా పరీక్ష హెచ్ఎస్‌కే నాలుగో లెవల్ పాసయ్యాను, తెలిసే చెప్తున్నా.

కర్నూలు టీచరమ్మ:
నువ్వు ఎన్ని లెవల్స్ పాసైనా సరే బాబూ, పెట్టుకున్నంత మాత్రాన ఇష్టంతో పెట్టుకున్నట్టు కాదు. నేను చదివిన కాన్వెంటులో తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసేవాళ్ళు, మేం కూడా నోరు మూసుకుని కట్టేవాళ్ళం.

అమీర్‌పేట క్లాస్:
స్పోకెన్ ఇంగ్లీషు చెప్తా. ఆయనకి చైనీస్ నేర్పే లియావ్ టీచర్ మాటమాటకీ 'బుదుయ్' అంటే తప్పు అంటుంది చూడండి, అది చదివాక నా క్లాసులో మధ్యలో ఆపి దిద్దడం మానేశాను. బ్యాచ్‌లో నోరు విప్పని అమ్మాయి మూడో వారానికి ఐదు నిమిషాలు ఆగకుండా మాట్లాడింది!

కృష్ణాతీరం:
పేర్ల గొడవ చాలించండి. అసలు విషయం ముంపు. ఫూలింగ్ దగ్గర నదిలో బైహెలియాంగ్ అనే రాతి దిబ్బ ఉంది. చలికాలం నీళ్ళు తగ్గితే తేలేది. దాని మీద చేపల బొమ్మలు చెక్కి వెయ్యేళ్ళకు పైగా నీటిమట్టం గుర్తుపెట్టుకున్నారు. త్రీ గోర్జెస్ డ్యామ్‌తో అది శాశ్వతంగా నీళ్ళ కిందికి పోయింది, 2009లో అక్కడే నీటి అడుగున మ్యూజియం పెట్టారు. శ్రీశైలం ప్రాజెక్టులో మా తాత ఊరు పోయింది. మాకు కనీసం సంగమేశ్వరం గుడి ఎండాకాలం బయటపడుతుంది.

చెంగ్డూ డాక్టర్:
కానీ డ్యామ్ గురించి అక్కడి జనం పెద్దగా పట్టించుకున్నట్టు లేరని ఆయనే రాశాడు.

కృష్ణాతీరం:
పైకి అనకపోతే బాధ లేనట్టా? మా తాత పరిహారం తీసుకుని ఒక్క మాట అనలేదు. బతికున్నన్నాళ్ళూ నెలకోసారి బస్సెక్కి వెళ్ళి ఆ నీళ్ళ ఒడ్డున కూర్చుని వచ్చేవాడు. మీ లెవల్స్‌లో ఇది నేర్పరు.

చెంగ్డూ డాక్టర్:
సారీ అండీ. నేను పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

షాంఘై సుబ్బు:
ఫూలింగ్ అనగానే నాకు జాత్సాయ్ ఊరగాయే. ఇక్కడ ప్రతి కిరాణా కొట్లో ఉంటుంది, పెరుగన్నంలోకి బాగా కుదురుతుంది.

కర్నూలు టీచరమ్మ:
కృష్ణాతీరం గారూ, ఆ రాతి దిబ్బ గురించి ఏ అధ్యాయంలో ఉంది? అది మాత్రం చదువుతా. పేర్ల విషయంలో నా మాట నాదే.