హాస్పిటల్‌లో పాత చాపెల్ రిపేరు, సిమెంటా సున్నమా?

ఒంగోలు_అబ్బాయి
అందరికీ వందనాలు. మా ఊరి పక్కన మిషన్ కాలం నాటి హాస్పిటల్ ఒకటుంది, ఆవరణలో చిన్న చాపెల్ (ప్రార్థన గది), మద్రాసు టెర్రస్ మిద్దె, అంటే టేకు దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన పాతకాలం కప్పు, గోడలు రెండడుగుల మందం. అమ్మ అక్కడే నర్సుగా రిటైరైంది కాబట్టి కమిటీలో నన్నూ వేశారు. సమస్య ఏందంటే గోడలు కింద నుంచి మూడడుగుల దాకా పెచ్చులూడి తెల్లగా ఉప్పు పూస్తా ఉంది. ఇంతకుముందు ఒకాయన సిమెంట్ ప్లాస్టరింగ్ చేసిపోయాడు, రెండు వానాకాలాలు ఆగింది అంతే. ఇప్పుడొచ్చినాయన మళ్ళీ సిమెంటే, పైన పుట్టీ, నాలుగడుగులు టైల్స్, ఫాల్స్ సీలింగ్, ఏసీ అంటన్నాడు. దాతలకి ఏసీ బాగా నచ్చేసింది, నాకే మనసొప్పటం లేదు.

కావలి_మేస్త్రి
తమ్ముడూ సిమెంటు జోలికి పోబాకండి. పాత గోడ సున్నంతో కట్టింది, నేల తేమ పీలుస్తది, బయటికి వదుల్తది. పైన సిమెంటు కొడితే వదిలే దారి లేక తడి పైకెక్కి ఉప్పుతో సహా పెచ్చుని తోసేస్తది, టైల్స్ వేస్తే ఇంకా పైకెక్కుతది. సిమెంటంతా జాగ్రత్తగా తీసి గోడని ఒక ఎండాకాలం ఆరనియ్యండి, తర్వాత సున్నం ఇసక పూత. సున్నం తెచ్చిన రోజే కలపరు, నీళ్ళలో రెండు మూడు వారాలన్నా మగ్గాల. కరక్కాయ నానేసిన నీళ్ళు, బెల్లం కూడా కలుపుతారు. పూత పూసినాక తడి గోనెలు కప్పకపోతే మన ఎండకి బీటలే. అయినా ఇదంతా తర్వాత, ముందు నీళ్ళు యాడ నుంచొస్తన్నాయో చూడబ్బా.

వార్డు_అక్క
నేనూ హాస్పిటల్లోనే పని చేస్తా, ఒక్క మాట. పాత ప్లాస్టర్ కొట్టేటప్పుడు లేచే దుమ్ములో ఫంగస్ ఉంటది, రోగనిరోధక శక్తి తగ్గిన పేషెంట్లకి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ రావచ్చు. వార్డు వైపు తలుపులు సీల్ చేయించండి, తడిపి కొట్టమనండి, చెత్త వార్డు ముందు నుంచి మోయించొద్దు. ఇంకోటి, రాత్రి రెండింటికి ఇట్టాంటి చాపెల్లో వచ్చి కూర్చునేది ఆపరేషన్ థియేటర్ బయట నిలబడలేని వాళ్ళు, ఏ మతమైనా. ఏసీ కోసం కిటికీలు మూసి తాళం వేస్తారేమోనని నా భయం. ఆ డబ్బుతో ర్యాంపు కట్టించండి, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు, లేకపోతే వీల్‌చెయిర్ నెట్టలేం.

నెల్లూరోడు
ఫాల్స్ సీలింగ్ అంటే దూలానికి చెదలు పట్టినా, మిద్దె కారినా నెత్తిన పడేదాకా తెలీదు. ఎలుకలకి మాత్రం ఏసీ రూమ్ 😄

ఒంగోలు_అబ్బాయి
మేస్త్రి అన్నా, పొద్దున నిచ్చెనేసి చూశా. మిద్దె మీద నీళ్ళు పోయే గొట్టం రావిమొక్క వేళ్ళతో మూసుకుపోయింది, వాననీళ్ళన్నీ గోడెంబడే దిగతన్నాయి. చుట్టూ పోసిన సిమెంటు ప్లాట్‌ఫారం కూడా గోడ వైపే వాలుంది! పెచ్చులూడేది సరిగ్గా ఆ పక్కే. అక్టోబరు వానల్లోపు ఈ రెండూ సరిచేసి, గోడ పని వచ్చే వేసవికి పెట్టుకుందామని కమిటీలో చెప్తా, ఏసీ దాత అలుగుతాడేమో చూడాలి. అక్కా, ర్యాంపు సంగతి రాసుకున్నా. అన్నా, పులికాట్ వైపు గుల్లసున్నం (ఆల్చిప్పలు, గుల్లలు కాల్చి చేసే సున్నం) ఇంకా కాలుస్తన్నారా?