కమిషన్‌కు క్యాప్ పెట్టడం న్యాయమేనా?

రెండు_ఆఫర్లు:
ఆరేళ్లుగా సేల్స్‌లో ఉన్నాను. ఇప్పుడు చేతిలో రెండు ఆఫర్లున్నాయి. మొదటిదాంట్లో ఫిక్స్‌డ్ జీతం బాగానే ఉంది గానీ, టార్గెట్‌లో 150 శాతం దాటాక ఎంత అమ్మినా కమిషన్ పెరగదు. రెండోదాంట్లో ఫిక్స్‌డ్ తక్కువ, కమిషన్‌కు క్యాప్ లేదు. క్యాప్ ఎందుకని ఇంటర్వ్యూలో అడిగితే "బడ్జెట్ అదుపులో ఉండాలి కదా" అన్నారు. ఆ జవాబు నాకు మింగుడు పడలేదు. నేను తెచ్చిన డబ్బులోంచే కదా నాకిచ్చేది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఫీల్డ్‌మనిషి:
క్యాప్ ఉన్న కంపెనీలో నాలుగేళ్లు చేశాను. అది మనిషిని ఏం చేస్తుందో చెప్తాను. ఒక ఏడాది నవంబర్‌కే నాకు క్యాప్ తగిలింది. డిసెంబర్ మొదటి వారంలో ఒక కస్టమర్ పర్చేజ్ ఆర్డర్ మీద సంతకం పెట్టి, స్టాంపు వేసి చేతికిచ్చారు. దాన్ని బ్యాగులో పెట్టుకుని మూడు వారాలు తిరిగాను. అప్పుడే ఆఫీసులో ఇస్తే నాకు ఒరిగేదేమీ లేదు. జనవరిలో ఇస్తే కొత్త టార్గెట్‌లో పడుతుంది. రోజూ పొద్దున బ్యాగు తెరిస్తే ఆ కవరే కనిపించేది. కస్టమర్ రెండుసార్లు ఫోన్ చేసి సరుకు ఎప్పుడొస్తుందని అడిగారు. స్టాక్ లేదని అబద్ధం చెప్పాను. నన్ను నమ్మిన మనిషికి అలా చెప్పినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నేనొక్కణ్ణే కాదు, టీమ్‌లో క్యాప్ తగిలిన ప్రతివాడూ అదే చేసేవాడు. డిసెంబర్‌లో అమ్మకాలు పడిపోయి, జనవరిలో ఒక్కసారిగా లేచేవి. పైవాళ్లు అదంతా సీజన్ ప్రభావం అనుకునేవారు.

పద్దులు_చూసేవాణ్ణి:
ఫీల్డ్‌మనిషి గారూ, మీరు దాచకుండా చెప్పినందుకు సంతోషం. నేను ఇన్సెంటివ్ లెక్కలు వేసే వైపు కూర్చుంటాను కాబట్టి అటువైపు మాట కూడా చెప్పాలి. "నేను తెచ్చిన డబ్బు" అన్నది అన్నిసార్లూ నిజం కాదండీ. మా దగ్గర ఒకాయన ఏరియాలో పెద్ద క్లయింటు ఒకరి హెడ్డాఫీసు ఉంది. వాళ్లు తమ బ్రాంచిలన్నిటికీ కలిపి ఒకే ఒప్పందం చేసుకున్నారు. ఈయన వాళ్లను కలిసింది రెండుసార్లు. డెమోలన్నీ టెక్నికల్ టీమ్ చేసింది, రేటు మాట్లాడింది డైరెక్టర్. బిల్లింగ్ అడ్రస్ ఆయన ఏరియాది కాబట్టి కమిషన్ మొత్తం ఆయనకే వెళ్లింది. రాత్రుళ్లు కూర్చుని డెమోలు సిద్ధం చేసినవాళ్లలో ముగ్గురు ఏడాది తిరక్కుండానే మానేశారు.

పరిశోధన సంగతి కూడా చూడండి. ఇయాన్ లార్కిన్ 2014లో ప్రచురించిన అధ్యయనం ఒక పెద్ద ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ గురించి. అక్కడ క్వార్టర్‌లో, అంటే మూడు నెలల్లో, అమ్మకం పెరిగేకొద్దీ కమిషన్ రేటు కూడా పెరుగుతుంది. తమకు ఎక్కువ గిట్టే క్వార్టర్‌లో డీల్ పడేలా సేల్స్ వాళ్లు అదనపు డిస్కౌంట్లు ఇచ్చేశారు. కంపెనీకి ఆదాయంలో 6 నుంచి 8 శాతం పోయిందని తేలింది. పై అంచు తీసేస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవడం పొరపాటు.

గీత_దాటినవాడు:
క్యాప్ తీసేసిన చోట ఏమైందో కూడా లెక్క ఉంది. సంజోగ్ మిశ్రా, హరికేశ్ నాయర్ అనే ఇద్దరు పరిశోధకులు కలిసి 2011లో ఆ అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో ఒక కాంటాక్ట్ లెన్స్ తయారీ కంపెనీలో కోటా (ఇంత అమ్మాలన్న టార్గెట్) ఉండేది, కమిషన్‌కు పై పరిమితీ ఉండేది. వీళ్లు సూచించిన కొత్త పద్ధతిలో ఆ రెండూ లేవు. కంపెనీ అమలు చేసింది. ఆదాయం 9 శాతం పెరిగింది, అంటే ఏడాదికి సుమారు 1.2 కోట్ల డాలర్లు. కోటా కూడా ఎత్తేశారు కాబట్టి ఘనతంతా క్యాప్ తీసినందుకే అనను. కానీ ఆ పరిమితి కంపెనీని కాపాడటం లేదని మాత్రం తేలింది కదా.

రాస్ పెరో సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. ఐబీఎంలో సేల్స్‌మన్‌గా ఉంటూ 1962 ఏడాది కోటాను జనవరిలోనే పూర్తిచేశారు. అదే ఏడాది బయటికొచ్చి ఈడీఎస్ అనే కంప్యూటర్ సేవల కంపెనీ పెట్టారు. 1984లో జనరల్ మోటార్స్ దాన్ని 250 కోట్ల డాలర్లకు కొన్నది. అలాంటి మనిషికి మిగతా పదకొండు నెలలు ఏం పని చెప్తారు?

నెలజీతం_ముఖ్యం:
మీరంతా 150 శాతం దాటేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. టార్గెట్ అందుకోవడానికే కిందామీదా పడేవాళ్ల మాటేంటి? నాకు ఇద్దరు పిల్లలు, సంపాదించేది నేనొక్కదాన్నే. ఫిక్స్‌డ్ ఎక్కువున్న ఉద్యోగం వల్లే రెండు చెడ్డ క్వార్టర్లు గట్టెక్కాను. రెండు_ఆఫర్లు గారూ, ఆ గీత మీరు నిజంగా ఎన్నిసార్లు దాటారో ముందు చూసుకోండి.

ఫీల్డ్‌మనిషి:
అమ్మా, మీ మాట కాదనను. కానీ పద్దుల అన్నకు ఒకటి చెప్పాలి. మీరు చెప్పిన హెడ్డాఫీసు డీల్‌లో తప్పు ఏరియాలు పంచిన తీరుది. ఆ ఒక్క డీల్‌ను చూపించి ఏడాది పొడుగునా తిరిగేవాళ్లందరికీ తాళం వేస్తే ఎలా? ఫలానా సైజు దాటిన డీల్‌కు కమిషన్ ఎవరికెంతో సంతకానికి ముందే తేల్చండి. టెక్నికల్ టీమ్‌కూ వాటా రాయండి. డిస్కౌంట్ల భయముంటే బిల్లు మీద కాకుండా మార్జిన్ మీద, అంటే కంపెనీకి మిగిలే లాభం మీద లెక్కకట్టండి. కస్టమర్ డబ్బు కట్టాకే కమిషన్ ఇవ్వండి. ఇవన్నీ చేశాక కూడా క్యాప్ కావాలంటే, అప్పుడు కారణం చెప్పండి.

పద్దులు_చూసేవాణ్ణి:
మార్జిన్ మీద లెక్క, పెద్ద డీల్‌కు ముందే వాటాలు, రెండిటికీ నేనూ ఒప్పుకుంటాను. మా దగ్గర క్యాప్ పెట్టడానికి అసలు కారణం అది రాయడం తేలిక కావడమే. ఒక్క వాక్యంతో అయిపోతుంది. మీరు చెప్పినవి రాయాలంటే నెల పడుతుంది.

రెండు_ఆఫర్లు గారికి ఒక హెచ్చరిక. "క్యాప్ లేదు" అన్న చోట కూడా టార్గెట్ ఏడాది మధ్యలో మార్చే హక్కు ఎవరి చేతిలో ఉందో చదవండి. బాగా అమ్మిన ఏడాది తర్వాత టార్గెట్ రెట్టింపు చేసినా, ఏరియా సగం కోసినా అదీ క్యాపే. పోయిన ఏడాది టార్గెట్ ఎంతమంది అందుకున్నారో అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే అనుమానించండి.

రెండు_ఆఫర్లు:
ఇవాళ రెండో కంపెనీకి ఫోన్ చేశాను. పద్నాలుగు మందిలో టార్గెట్ అందుకున్నది ఐదుగురు, 150 దాటింది ఒక్కరు. నా ఆరేళ్లలో నేను ఆ గీత దాటింది రెండుసార్లు. ఆఫర్ లెటర్‌లో "ప్లాన్‌ను ఎప్పుడైనా సవరించే అధికారం యాజమాన్యానికి ఉంది" అన్న వాక్యం నిజంగానే ఉంది. అప్పటికే సంతకమైన ఆర్డర్లకు ఆ సవరణ వర్తించదని చేర్చమని అడిగాను. సోమవారం చెప్తామన్నారు.