మూడో పార్ట్ బిల్లులో ప్లాస్టరింగు కొలత నుంచి కిటికీలకు రెండు వైపులా కోత పెట్టారు, ఇది సరైనదేనా?

కృష్ణాతీరం
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు కాంట్రాక్టరుగా అదనపు తరగతి గదులు కడుతున్నాను. పునాదులకు, స్లాబుకు పార్ట్ బిల్లులు (జరిగిన పనికి దశలవారీగా పెట్టే బిల్లులు) వచ్చాయి, ఇప్పుడు ప్లాస్టరింగుతో మూడోది తయారవుతోంది. ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కించినవి చూశాక అనుభవజ్ఞులను మూడు విషయాలు అడగాలనిపించింది. మొదటిది, 1.20 మీటర్ల వెడల్పు, 1.50 మీటర్ల ఎత్తు ఉన్న కిటికీలకు లోపలి ముఖంలోనూ బయటి ముఖంలోనూ పూర్తి వైశాల్యం తీసేశారు. రెండవది, నల్లరేగడి కావడంతో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు చెప్పిన మీదటే పునాది గోతులు డ్రాయింగు కంటే లోతుగా తవ్వాం, కానీ ఆ అదనపు పరిమాణం ఇంతవరకూ ఏ బిల్లులోనూ రాలేదు. మూడవది, సైటులో దించిన స్టీలుకూ సిమెంటుకూ ఈ బిల్లులో ఏమైనా అడగవచ్చా?

పాలమూరు కాంట్రాక్టర్
కొలతల సంగతి తరువాత చూసుకోవచ్చు, బిల్లు పాసయ్యాక డబ్బు ఎప్పుడు వస్తుందో ముందు ఆలోచించండి. ఏఈ కొలిచి, డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) చెక్ మెజర్‌మెంట్ (కొలతల పునఃతనిఖీ) చేసి, క్వాలిటీ కంట్రోల్ వారి నివేదిక జతపరచి, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సంతకం పెట్టి పే అండ్ అకౌంట్స్‌కు పంపేవరకూ మనం వెంటపడితే పని జరుగుతుంది. బిల్లు అక్కడ నమోదై టోకెన్ నంబరు పడిన తరువాత మాత్రం ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఈలోగా సిమెంటు డీలరు వడ్డీ లెక్క కడతాడు, సెంట్రింగ్ వాళ్లు శనివారం బట్వాడా కోసం గుమ్మం ముందు కూర్చుంటారు. పైగా ఇన్‌వాయిస్ ఇచ్చాం కాబట్టి 18 శాతం జీఎస్టీ రిటర్నులో చూపించి కట్టాల్సి వచ్చింది. చేతికి రాని డబ్బు మీద పన్ను కట్టడం ఎంత కష్టమో కట్టినవాడికే తెలుసు.

విశ్రాంత డీఈ
కృష్ణాతీరం గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు నిర్మాణ పనుల కొలతలకు భారత ప్రమాణమైన ఐఎస్ 1200 పన్నెండవ భాగంలో స్పష్టంగా ఉంది. గోడ రెండు ముఖాలకూ ఒకే రకం ప్లాస్టరింగు చేసినప్పుడు, 0.5 చదరపు మీటరు వరకు ఉన్న ఖాళీలకు కోత ఉండదు, వాటి అంచులకు (ఖాళీ చుట్టూ గోడ మందంలో కనిపించే పక్కలకు) విడిగా కొలత కూడా ఇవ్వరు. 0.5 దాటి 3 చదరపు మీటర్ల వరకు ఉంటే ఒక ముఖానికి మాత్రమే కోత పెడతారు, రెండో ముఖాన్ని అంచుల పూతకు బదులుగా వదిలేస్తారు. 3 దాటితే రెండు ముఖాలకూ కోత పెట్టి, అంచుల కొలతను కలుపుతారు. మీ కిటికీ వైశాల్యం 1.80 చదరపు మీటర్లు. మీ అగ్రిమెంటు ఈ ప్రమాణాన్ని అనుసరించేదైతే ఒక్కొక్క కిటికీకి 1.80 చదరపు మీటర్లు మీకు తిరిగి రావాలి, ఇరవై నాలుగు కిటికీలుంటే అది 43.20 అవుతుంది. బిల్లు ఈఈ ఆఫీసుకు వెళ్లకముందే రాతపూర్వకంగా అడగండి.

మేస్త్రీల బాగోగులు
డీఈ గారూ, పుస్తకంలో ఉన్నది సైటులో పూత పూసేవాడికి న్యాయం చేయడం లేదు. నేను హైదరాబాద్ శివార్లలో లేబర్ కాంట్రాక్టు చేస్తాను, ఖాళీలకు కోత లేకుండా మొత్తం గోడ కొలిచే పద్ధతి మీదే రేటు మాట్లాడుకుంటాను. సాదా గోడను పూసే మేస్త్రీ, కిటికీ చుట్టూ నాలుగు అంచులూ తూకం పట్టి, మూలమట్టం చూసుకుంటూ తీయడానికి అంతకు రెట్టింపు సమయం పెడతాడు. ఆ శ్రమకు ఒక ముఖం వదిలేస్తే సరిపోతుందని ఆఫీసులో కూర్చుని తేల్చడం నాకు అంగీకారం కాదు.

విశ్రాంత డీఈ
నేను ముప్ఫై ఏళ్లకు పైగా సైటులో టేపు పట్టుకుని నిలబడినవాణ్ణి, ఆఫీసులో కూర్చున్నానని అనడం బాధ కలిగించింది. లెక్క చూడండి. ఆ కిటికీ చుట్టుకొలత 5.40 మీటర్లు, 230 మిల్లీమీటర్ల గోడ మందం మొత్తం అంచుగా తీసుకున్నా వచ్చేది 1.24 చదరపు మీటర్లే, వదిలేసిన ముఖం మాత్రం 1.80. కాంట్రాక్టరుకు ఇందులో నష్టం ఎక్కడుంది?

మేస్త్రీల బాగోగులు
మీ పద్ధతిలోనే వెంటిలేటరుకు లెక్క కట్టండి. 0.60, 0.90 కొలత ఉన్నదానికి వైశాల్యం 0.54, అంటే అర చదరపు మీటరు దాటింది కాబట్టి ఒక ముఖానికి కోత పడుతుంది. చుట్టుకొలత 3.00 మీటర్లు, అంచుల పూత 0.69. చేసిన పని 0.69, దానికి బదులుగా దక్కింది 0.54. పాఠశాల భవనంలో, మరుగుదొడ్ల బ్లాకులో ఇలాంటివి ఎన్ని ఉంటాయో మీకు తెలియనిది కాదు. పెద్ద కిటికీ ఒక్కటి చూపించి నష్టం లేదని తీర్మానించకండి.

విశ్రాంత డీఈ
వెంటిలేటరు విషయంలో మీ అంకె సరైనదే. అయితే అదే వెంటిలేటరు ఎత్తు 0.75 అయి ఉంటే 0.45 చదరపు మీటర్లతో అసలు కోతే ఉండదు, అప్పుడు రెండు ముఖాలూ మీకే మిగులుతాయి. నియమం మొత్తం భవనానికి సగటున సరిపోయేలా చేసినది. టెండరులో రేటు రాసేటప్పుడే ఈ తేడాను చూసుకోవాలి. పని అయ్యాక ప్రమాణాన్ని తప్పుపట్టడం సరికాదు.

దోహా క్యూఎస్
పదిహేనేళ్లుగా గల్ఫ్‌లో వంతెనలు, మెట్రో స్టేషన్ల పనులకు క్వాంటిటీ సర్వేయరుగా (పని పరిమాణాలూ బిల్లులూ లెక్కగట్టేవాడిగా) చేస్తున్నాను. నెలనెలా ఇంటరిమ్ పేమెంట్ సర్టిఫికెట్లు (మీ పార్ట్ బిల్లుల వంటివి) తయారు చేయించడమే నా ఉద్యోగం. ఇక్కడ అంతర్జాతీయ నమూనా కాంట్రాక్టు అయిన ఫిడిక్ 1999 రెడ్ బుక్ ప్రకారం కాంట్రాక్టరు స్టేట్‌మెంట్ అందిన 28 రోజుల్లో ఇంజనీరు సర్టిఫికెట్ ఇవ్వాలి, 56 రోజుల్లో యజమాని చెల్లించాలి, ఆలస్యమైతే నెలకోసారి చక్రవడ్డీతో ఫైనాన్సింగ్ ఛార్జీలు కలుస్తాయి, 21 రోజుల నోటీసుతో పని నెమ్మదింపజేసే లేదా ఆపే హక్కు కూడా ఉంటుంది. మనవాళ్లు అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టి, తరువాత కిటికీ అంచుల గురించి తగువులాడుతుంటారు. ముందు చెల్లింపు క్లాజు చదవడం నేర్చుకోవాలి.

పాలమూరు కాంట్రాక్టర్
దోహా గారూ, మాకు చదువు రాదని మీరు తీర్మానించాల్సిన అవసరం లేదు. నేను సంతకం పెట్టిన అగ్రిమెంట్లలో నిధులు లభించిన మేరకే చెల్లింపు ఉంటుందనీ, ఆలస్యానికి వడ్డీ అడగరాదనీ అచ్చువేసి ఉంటుంది, ఆ వాక్యాన్ని చదివే సంతకం పెట్టాను. షరతు కొట్టేసి టెండరు వేస్తే ఆ టెండరు పక్కకు పోతుంది. జిల్లాలో నలుగురు మేస్త్రీలకు పని చూపించాల్సిన వాడికి మీరు చెప్పే బేరమాడే శక్తి ఎక్కడిది?

ఇల్లు కడుతున్నాను
నాది ప్రభుత్వ పని కాదు, అయినా ఇక్కడే అడుగుతున్నాను. బ్యాంకు గృహరుణం దశలవారీగా ఇస్తుంది, ప్రతి దశకూ వాల్యుయర్ వచ్చి చూసి నివేదిక ఇచ్చాకే డబ్బు విడుదలవుతుంది. మా కాంట్రాక్టరు మాత్రం స్లాబు పోయకముందే స్లాబు దశ మొత్తం ఇమ్మని పట్టుబడుతున్నాడు. ఇస్తే పని ఆపేస్తాడేమోనని భయం, ఇవ్వకపోతే కూలీలు వేరే సైటుకు వెళ్లిపోతారని భయం.

మేస్త్రీల బాగోగులు
అమ్మా, స్లాబు దశను ఒకే ముక్కగా రాసుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. సెంట్రింగ్ పూర్తయినప్పుడు కొంత, స్టీలు కట్టి మీ ఇంజనీరు చూశాక కొంత, కాంక్రీటు పోశాక మిగిలింది అని మూడుగా విడగొట్టి ఇప్పుడైనా కాగితం మీద రాసుకోండి. స్టీలు మీరే నేరుగా డీలరుకు కడితే కాంట్రాక్టరు అడిగే మొత్తం బాగా తగ్గుతుంది. అతనికి నిజంగా కావలసింది సాధారణంగా కూలి డబ్బే.

విశ్రాంత డీఈ
చెల్లింపుల ఆలస్యం గురించి ఒక మాట. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన సాధారణ సూచనల ప్రకారం బిల్లు సమర్పించిన 10 పనిదినాల్లో అర్హమైన మొత్తంలో కనీసం 75 శాతం తాత్కాలికంగా చెల్లించాలి, పూర్తి తనిఖీ చేసి మిగిలినది 28 పనిదినాల్లో ఇవ్వాలి. కాంట్రాక్టర్లు ఈ ఉత్తర్వును చూపించి అడగవచ్చు.

పాలమూరు కాంట్రాక్టర్
దయచేసి కొత్తవాళ్లకు ఆశ పెట్టకండి. అవి కేంద్ర శాఖల పనులకు ఇచ్చిన సూచనలు, రాష్ట్రం తనంతట తాను స్వీకరించి ఉత్తర్వు ఇస్తే తప్ప పాఠశాల గదుల బిల్లుకు పనికిరావు. ఆ కాగితం పట్టుకుని ఈఈ ఆఫీసుకు వెళ్తే ఉన్న మంచితనం కూడా పోతుంది.

విశ్రాంత డీఈ
కేంద్ర శాఖలకేనని అంగీకరిస్తున్నాను. నేను చెప్పదలచింది, అలాంటి పద్ధతి సాధ్యమేనని ఒక ప్రభుత్వమే ఒప్పుకుంది కాబట్టి కాంట్రాక్టర్ల సంఘాలు రాష్ట్రాన్ని అడగాలని.

కృష్ణాతీరం
మొదటి ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పినందుకు కృతజ్ఞతలు. రెండవ, మూడవ ప్రశ్నలను ఎవరూ తాకలేదు. ఇంకొక సందేహం కూడా ఉంది: గత బిల్లులో ఎక్కించిన విలువకూ ఖాతాలో పడిన దానికీ చాలా తేడా కనిపించింది.

దోహా క్యూఎస్
నా మాట కటువుగా ఉంటే మన్నించండి, ఇది మాత్రం నేను చెప్పగలను. ప్రతి పార్ట్ బిల్లూ మొదటి నుంచి నేటి వరకు జరిగిన పని విలువ మీద తయారవుతుంది, అందులోంచి గత బిల్లు వరకు లెక్కకు వచ్చిన విలువ తీసేస్తారు. మొత్తం 60 లక్షలు, గతం 42 లక్షలు అయితే ఈ బిల్లు 18 లక్షలు. మీ అగ్రిమెంటులో ఎఫ్ఎస్‌డీ (బిల్లులోంచి ఆపి ఉంచే సెక్యూరిటీ డిపాజిట్) 7.5 శాతమని ఉందనుకుంటే 1,35,000, వ్యక్తిగత కాంట్రాక్టరైతే ఆదాయపు పన్ను 1 శాతం 18,000, లేబర్ సెస్ 1 శాతం మరో 18,000, బిల్లులోనే ముందుగా కోసే జీఎస్టీ టీడీఎస్ 2 శాతం 36,000 పోగా 15,93,000 మిగులుతుంది. సీనరేజి (ఇసుక, కంకర వంటి ఖనిజాల మీద రుసుము), న్యాక్ (నిర్మాణ శిక్షణ సంస్థకు వెళ్లే రుసుము) వంటివి ఇంకా తగ్గుతాయి, జీఎస్టీ విడిగా కలుస్తుంది. జీఎస్టీ టీడీఎస్‌ను పోర్టల్‌లో మీరు ఆమోదిస్తేనే మీ క్యాష్ లెడ్జరులో (పోర్టల్ పన్ను ఖాతాలో) చేరుతుంది, చాలామంది అది చూసుకోరు.

విశ్రాంత డీఈ
పునాది లోతు విషయం అన్నింటికంటే తొందరగా తేల్చుకోవాల్సింది. కనిపించకుండా పోయే పనిని మూసేముందే కొలిపించుకోవాలి. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) షరతుల్లో ఇందుకు కనీసం ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఉంది. కాంక్రీటు పోయకముందు గోతుల లోతు తెలిపే లెవెల్స్ తీసి ఎక్కించి ఉంటే, ఫీల్డ్ బుక్కులోని ఆ పేజీ, సైట్ ఆర్డర్ బుక్కులో ఏఈ గారి ఆదేశం, తేదీలున్న ఫోటోలు జతపరచి సప్లిమెంటరీ ఎస్టిమేటు (అదనపు పని అంచనా) మంజూరు కోసం ఈఈ గారికి రాయండి. మంజూరు అయ్యేవరకు ఆ పరిమాణం బిల్లులోకి రాదు, ఫైనల్ బిల్లు మీద ఎలాంటి క్లెయిమూ లేదని సంతకం పెట్టాక అసలే రాదు.

పాలమూరు కాంట్రాక్టర్
ఏఈ బదిలీ అయ్యేలోగా ఆ సంతకం తీసుకోండి. కొత్తగా వచ్చినవారు తాము చూడని గోతికి కొలత రాయరు, రాయమని అడగడం కూడా న్యాయం కాదు. స్టీలు మీద అడ్వాన్సు అగ్రిమెంటులో సెక్యూర్డ్ అడ్వాన్సు (సైటులోని సరుకు హామీ మీద ముందస్తు సొమ్ము) క్లాజు ఉంటేనే ఇస్తారు, అదీ బాండు రాయించుకుని. నిలవ ఉంటే పాడయ్యే సరుకు కాబట్టి సిమెంటుకు ఆశ పెట్టుకోవద్దు.

కృష్ణాతీరం
ఫీల్డ్ బుక్కులో లెవెల్స్ ఉన్నాయి, ఏఈ గారి సంతకం కూడా ఉంది. కిటికీల కోత గురించి, పునాది గురించి రెండు వేరు వేరు లేఖలు రాసి సోమవారం సబ్ డివిజన్ ఆఫీసులో ఇచ్చి, నకళ్ల మీద అందినట్టు ముద్ర వేయించుకుంటాను.